కొత్తలు కానివారికి పప్పు

2023 నవంబరు. భద్రాచలం అడవి అంచున, ఆదివాసీ పిల్లల కోసం పెట్టిన ఒక ప్రభుత్వ రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీలో నేను సీనియర్ అసిస్టెంట్‌ని. పేరు పెద్దగా వినబడుతుంది కానీ పని గుమస్తా పనే. అడ్మిషన్లు, బోనఫైడ్లు, టీసీలు, పైనుంచి వచ్చే ఉత్తరాలకు జవాబులు, ప్రింటరు మొరాయిస్తే దాన్ని బతిమాలుకోవడం, అన్నీ నా నెత్తినే. మాది ముదిగొండ దగ్గర పల్లెటూరు. ఇక్కడికి బదిలీ అయినప్పుడు రెండేళ్లుండి మళ్లీ ఖమ్మం వైపు పోదామనుకున్నాను. పన్నెండేళ్లయింది, ఇంకా ఇక్కడే ఉన్నాను. ఈ కాలేజీలో తెలుసుకోవాల్సింది ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. నాకేమో ఆరా తీసే జబ్బు.

ఆ నెలలో కాలేజీ అంతా హడావుడి. డిసెంబరులో పీర్ టీమ్ వస్తోంది. అంటే వేరే రాష్ట్రాల ప్రొఫెసర్లు వచ్చి, మూలమూలా తిరిగి చూసి, కాలేజీకి గ్రేడు ఇస్తారు. దానికి ముందు కాలేజీ తన గురించి తాను ఒక నివేదిక రాసుకోవాలి. దాన్ని సెల్ఫ్ స్టడీ రిపోర్ట్ అంటారు. అందులో 'సంస్థ చరిత్ర' అని ఒక భాగం ఉంటుంది. మా పాత రిపోర్టులో ఆ భాగం ఒకే ఒక్క వాక్యం. ఫలానా జీవో ప్రకారం ఈ కళాశాల స్థాపించబడినది, అంతే.

హిస్టరీ లెక్చరర్ సుధాకర్ సార్ ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"మేడం, ఇదేం చరిత్ర? పుట్టింది అని రాసి ఊకున్నరు. పెరిగింది ఎవరు రాయాలె?"

ఆయన అప్పుడు క్లాసులో అమెరికాలోని నల్లజాతివారి యూనివర్సిటీల గురించి చెబుతున్నారు. టీ తాగుతూ నాకూ చెప్పారు. ఒకప్పుడు అక్కడ నల్లవాళ్ల పిల్లలను ఉన్న కాలేజీల్లో కూర్చోనివ్వకుండా, చాలాచోట్ల వాళ్లకు విడిగా సర్కారు కాలేజీలు పెట్టారట. భవనాలు అంతంతమాత్రం, డబ్బు అరకొర. అయినా పిల్లలు, టీచర్లు కలిసి వాటిని తమవి చేసుకున్నారు. తమ పాటలు, తమ బ్యాండు మేళాలు, తమ పండుగలు కాలేజీ ఆవరణలోకి తెచ్చుకున్నారు. ఈరోజుకీ అక్కడ చదివినవాళ్లు తమ కాలేజీ ముచ్చట వస్తే చెప్పుకుంటూ కూర్చుంటారట.

"మనది గూడ గసుంటి కాలేజే మేడం. కాని మన పిల్లలు లోపలికి ఏం తెచ్చిండ్రో మనం ఎక్కడన్న రాసిపెట్టినమా?" అన్నారు.

"ఏమో సార్. స్టోర్ రూం తాళంచెవి మాత్రం నా తాన ఉంది" అన్నాను.

నవ్వులాటకే అన్నాను కానీ, మర్నాడే ముక్కుకు చున్నీ కట్టుకుని ఆ గదిలో దూరాను. సగం రిజిస్టర్లు చెదలు తినేశాయి. మిగిలిన సగంతో నాలుగు రోజులు గడిపాను. పన్నెండేళ్లలో నా ఉద్యోగం నాకు అంత బాగా ఎప్పుడూ అనిపించలేదు.

మా కాలేజీ మొదట చింతపండు, జిగురు నిల్వచేసే గోదాములో నడిచిందని నాకప్పుడే తెలిసింది. మొదటి బ్యాచి హాజరు పట్టీలో ముప్పైనలుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. బెంచీలు లేక చింతపండు బస్తాల మీద కూర్చున్నట్టు ఒక ప్రిన్సిపాల్ పైఆఫీసుకు ఉత్తరం రాశారు. గోదావరి పొంగిన ఏడు కాలేజీకి సెలవిచ్చి, మునిగిన ఊళ్లవాళ్లను హాస్టల్లో పెట్టారు. ఆ వారం భోజనాల లెక్కలో 'విద్యార్థులు' అన్న మాట కొట్టేసి 'మనుషులు' అని రాసి ఉంది. వార్షికోత్సవానికి రేలా ఆట ఆడుతుంటే డోలు పగిలిందని, కొత్త డోలుకు అనుమతి కావాలని ఒక అర్జీ. వారసంత రోజున తల్లిదండ్రులు ముల్లెలు పట్టుకుని వస్తారు కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం క్లాసులు వద్దని ఇంకో అర్జీ. ఇప్పటికీ సంత రోజున మా గేటు దగ్గర అదే గుంపు, అవే ముల్లెలు. చదువుతూ చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

నన్ను ఆపింది డైట్ రిజిస్టరు. హాస్టల్లో ఏ రోజు ఎంతమంది తిన్నారు, ఏం వండారు అని రోజూ రాసే పుస్తకం అది. చివర రిమార్కుల గడి ఉంటుంది, అందులో మామూలుగా ఎవరూ ఏమీ రాయరు. కానీ గోదాము రోజుల నాటి వార్డెన్ ఒకాయన చిన్నచిన్న అక్షరాలతో ఏటా చలికాలం మొదట్లో ఒకే మాట రాశారు: 'చిక్కుడు కూర. కొత్తలు కానివారు 17. వారికి పప్పు.' వారం తర్వాత: 'కొత్తలు కానివారు 9. వారికి పప్పు.' ఇంకో పది రోజులకు: 'అందరికీ కొత్తలు అయినవి.' మళ్లీ వేసవి రాగానే మామిడికాయ పప్పు వండిన రోజుల్లో అదే వరస.

నాకు తల తిరిగింది. ఎవరీ కొత్తలు కానివారు? వాళ్లకు పప్పెందుకు? ఆఫీసులో అందరినీ అడిగాను. అటెండరు తెలియదన్నాడు. వార్డెన్ విజయ, "మీకు పనేం లేదా మేడం, పీర్ టీమ్ వస్తుంటే పాత పప్పు లెక్కలు చూస్తున్నరు" అంది. ఆమె మాటా నిజమే. ఆ రిమార్కును ఒక చీటీ మీద రాసుకుని పక్కన పెట్టాను.

రెండు రోజులకు మాక్ విజిట్ జరిగింది. అంటే అసలు పరీక్షకు ముందు రిహార్సల్. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చి, పీర్ టీమ్ చూసినట్టే అన్నీ చూస్తారు. మధ్యాహ్నం ఆయన అమ్మాయిల హాస్టల్లో పిల్లలతో కలిసి తింటానన్నారు. విజయ పొద్దుటి నుంచి కాలు నిలవలేదు. మెనూ బోర్డు మీద ఏది రాసుంటే అదే వండాలని, ఒక్క వంటకం కూడా తేడా రావద్దని వంటవాళ్లకు గట్టిగా చెప్పింది. బోర్డు మీద చిక్కుడు టమాటా కూర ఉంది. ఫొటోలు బాగా రావాలని ముందే అన్నం పెట్టి, కూర పైన వేసి, ప్లేట్లు వరసగా సర్ది ఉంచారు. ఆ తర్వాతే అమ్మాయిలను పిలిచారు.

కూర్చున్నాక ఇరవైమూడు మంది అమ్మాయిలు ప్లేటు ముట్టుకోలేదు. మిగతావాళ్లు తింటున్నారు, వీళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. విజయ వెళ్లి చెవిలో బతిమాలింది. అప్పుడు బీఎస్సీ మూడో సంవత్సరం చదివే పూనెం సుజాత తన ప్లేటును నెమ్మదిగా పక్కకు జరిపింది. ఆమెను చూసి మిగతావాళ్లూ జరిపారు.

"ఎందుకమ్మా తింటలేరు? బాగలేదా?" అని అధికారి అడిగారు.

సుజాత లేచి నిలబడింది. "మేం తినం సార్" అంది. ఎందుకని మళ్లీ అడిగితే తల దించుకుంది.

అధికారి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. మా ప్రిన్సిపాల్ సార్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆయన గురించి ఒక మాట చెప్పాలి. మంచి మనిషి. ఇల్లందు వైపు బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. కాలనీ బడిలో చదివి ఇంతవారయ్యారు. ఈ గ్రేడు బాగా వస్తే కాలేజీకి రెండు కొత్త కోర్సులు అడగాలని ఏడాదిగా నిద్రపోకుండా తిరుగుతున్నారు. కానీ ఆ రోజు ఆయన కళ్లకు కనబడింది ఒక్కటే.

"ఇది సమ్మె మేడం. మా నాయిన బాయి మీద ఎన్ని సమ్మెలు చేసిండో నేను చూసిన. పళ్లెం పక్కకు జరిపిండ్రంటే ఎనక ఎవరో ఉన్నట్టే. టైం చూసి కొట్టిండ్రు" అన్నారు.

ఆ సాయంత్రమే, ముందుగా ప్లేటు జరిపిన సుజాతను పిలిచి ఎంక్వైరీ పెట్టారు. నేను పక్కన కూర్చుని మినిట్స్, అంటే ఎవరేమన్నారో రాస్తున్నాను. డిమాండ్లు ఏమిటి, ఎవరు చెప్పి చేయించారు, బయట ఎవరితో మాట్లాడావు అని అడిగారు. సుజాత ప్రతిదానికీ "ఏం లేదు సార్, ఎవరూ లేరు సార్" అంది. మరెందుకు తినలేదంటే చెప్పలేదు. కళ్లల్లో నీళ్లు లేవు, పొగరూ లేదు. పెదవులు బిగించుకుని ఒకసారి నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. ఆ చూపు ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

"రేపు సాయంత్రానికి టీసీ టైపు చేయండి. కండక్టు నాట్ శాటిస్‌ఫాక్టరీ" అన్నారు ప్రిన్సిపాల్ సార్.

టీసీ అంటే ఉత్త కాగితం కాదు. అందులో ప్రవర్తన అని ఒక గడి ఉంటుంది. అక్కడ 'సంతృప్తికరం కాదు' అని పడితే ఏ కాలేజీ తలుపూ తెరవదు. అందులోనూ మూడో ఏడు మధ్యలో, సెమిస్టర్ పరీక్షలు నెలలో ఉండగా. ఆ పిల్ల వాళ్ల ఊళ్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. బీఈడీ చేసి టీచరవుతానని అడ్మిషన్ రోజున నాతోనే చెప్పింది. మర్నాడు మధ్యాహ్నం ఆ టీసీ టైపు చేయడానికి కూర్చున్నాను. కారణం అడిగే గడిలో 'హాస్టల్ భోజనాన్ని, చిక్కుడు కూరను బహిష్కరించినందున' అని కొట్టాను. 'చిక్కుడు కూర' అన్న మాట దగ్గర ఆగిపోయాను.

చీటీ తీసుకుని వంటింట్లోకి పరుగెత్తాను. పరుగు అంటే నిజంగా పరుగే, చెప్పులు కూడా వేసుకోలేదు.

పెద్ద వంటమనిషి సీతమ్మ కోయ ఆడమనిషి, గోదాము రోజుల నుంచి ఉంది. బియ్యంలో రాళ్లేరుతోంది.

"సీతమ్మక్కా, కొత్తలు కానివారు అంటే ఎవరే?"

ఆమె చేట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "నీకెవరు చెప్పిండ్రు ఆ ముచ్చట?"

"పాత రిజిస్టర్ల ఉంది."

"అప్పటి వార్డెను, పొట్టి సారు రాసి ఉంటడు. మంచోడు" అని మొదలుపెట్టింది. "మాకు కొత్త పంట ఏదొచ్చినా ముందుగాల ఊరి దేవతకు, పెద్దలకు పెట్టాలె. ఊరంత కలిసి పండుగ జేస్తరు. గదే కొత్తలు. చిక్కుడుకు కొత్తలు, మామిడికి కొత్తలు, వడ్లకు కొత్తలు. అప్పటిదాక నోట్ల పెట్టుకోరు. అది తగిలిన అన్నం గూడ తినరు."

"అందరికీ ఒకే రోజా?"

"ఎట్లయితది? ఒక్కో ఊరికి ఒక్కో దినం. పెద్దలు కూసొని పెడతరు. నీ క్యాలెండర్ల ఉండది. కొందరు పోరీల ఊళ్లల్ల అయింది, వాళ్లు తిన్నరు. కానోళ్లు కూసున్నరు. సుజాత తండ్రి పూజారింటి మనిషి. ఆ పోరి తింటే ఊరు ఊకుంటదా? రేపు ఊళ్లె ఎవరికి జెరమొచ్చినా ఈ పిల్ల పేరే చెప్తరు."

"మరి పోయినేడు, ముందటేడు ఏం చేసిండ్రు? ఎప్పుడూ గిట్ల కాలేదు గదా?"

"నేను పక్కన గింత పప్పు ఉడకేసేదాన్ని. పొట్టి సారు బదిలీ అయి పోంగ నాకు చెప్పిపోయిండు. 'సీతమ్మా, ఈ కాలం వస్తే ఆ పిల్లలను చూసుకో' అన్నడు. గప్పటి సంది నడిపిస్తున్న. ఈసారి బోర్డు మీదిదే వండాలె, ఇంకోటి పొయ్యి మీద కనపడొద్దన్నరు."

"గింత జరిగితే నువ్వన్న చెప్పొద్దా సీతమ్మక్కా?"

"నన్నెవరడిగిండ్రు?" అంది. మళ్లీ చేట అందుకుంది.

నాలుగు రోజులు స్టోర్ రూంలో దుమ్ము మింగి నేను వెతికిన చరిత్ర, పన్నెండేళ్లుగా నాకు రోజూ టీ పోసి ఇస్తోంది. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. డైట్ రిజిస్టరు చంకన పెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను.

ఆయన రిమార్కులన్నీ ఓపికగా చదివారు. చదివి పుస్తకం మూశారు.

"బాగుంది మేడం. కాని ఇది పాత కాలం సంగతి. ఇప్పుడు టీసీ అనంగనే ఎవరో గుర్తుచేసి ఉంటరు, పండుగ అని చెప్పుమని. నిజంగ గదే కారణమైతే నిన్న అంత మందిల ఒక్క మాట చెప్పకపోవునా?"

"పిలిచి అడుగుండ్రి సార్."

సుజాతను పిలిపించారు. నేను కొత్తల మాట ఎత్తగానే ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. దాచిపెట్టుకున్నది ఎవరో లాగేసినట్టుగా నిలబడింది.

"నిజమేనా అమ్మా?"

"అవ్ సార్. మా ఊళ్లె ఇంక కొత్తలు కాలే. ఇంకో ఎనిమిది దినాలుంది."

"మరి నిన్న ఎందుకు చెప్పలే? ముందే చెప్తే అయిపోవు గదా."

"చెప్పిన సార్."

"ఎప్పుడు?"

"ఫస్టియర్ల. సీతమ్మక్క పప్పు సంగతి అప్పటికి నాకు తెల్వదు. హాస్టల్ల కంప్లయింట్ రిజిస్టర్ల రాసిండ్రు. నాతోని సంతకం గూడ పెట్టించిండ్రు. అప్పుడు ఆడున్నోళ్లంత నవ్విండ్రు సార్. డిగ్రీ చదువుకుంట గివేం నమ్మకాలు అన్నరు. మల్ల ఆ పెద్దసారు ముంగట, ఫొటోలు తీసేటోళ్ల ముంగట నవ్వులపాలు గావొద్దని చెప్పలే."

"ఎవరు రాసింది?"

సుజాత నా వైపు మాత్రం చూడలేదు. ఎంక్వైరీలో నాకు అర్థం కాని ఆ చూపు అప్పుడు అర్థమైంది.

ఆమె మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు వార్డెన్ పోస్టు ఖాళీగా ఉండేది. నాలుగు నెలలు ఆ ఛార్జి నా మీదే ఉంది. ఆఫీసు పని ఒకవైపు, హాస్టల్ ఒకవైపు. ఏ పిల్ల ఏం చెప్పిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నానా? గుర్తులేదు. ఉండే ఉంటాను.

"చూసొస్త సార్" అని లేచాను.

కంప్లయింట్ రిజిస్టర్లు నా బీరువాలోనే ఉంటాయి. దొరకకూడదని మనసులో మొక్కుకుంటూ వెతికాను. దొరికింది. నా చేతిరాతే. నలుగురిలో మంచి దస్తూరి అని పేరున్న రాత.

'బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థిని పూనెం సుజాత, తమ గ్రామములో పండుగ జరగనందున చిక్కుడు కూర తినలేనని, బదులుగా వేరొకటి ఇప్పించవలసినదని కోరినది. ఇటువంటి నమ్మకములు చదువుకున్నవారికి తగవని నచ్చజెప్పడమైనది. విద్యార్థిని అంగీకరించినది. ఫిర్యాదు ముగించడమైనది.'

కింద వంకరటింకర అక్షరాలతో ఆమె సంతకం.

ఆ పిల్ల ఏమీ అంగీకరించలేదు. అంగీకరించిందని నేను రాశాను. ఎందుకు రాశానో మాత్రం నాకు బాగా తెలుసు. మా ఉద్యోగంలో 'పెండింగ్' అన్న మాటంటే భయం. నెలాఖరుకు ఏ ఫిర్యాదూ తెరిచి ఉండకూడదు. ఉంటే పైనుంచి ప్రశ్న వస్తుంది. అందుకని అడిగినదానికి జవాబు దొరక్కపోయినా 'ముగించడమైనది' అని రాసి మూసేస్తాం. ఎన్ని మూశానో లెక్కే లేదు. అది తప్పని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

బీరువా తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. నిజం చెప్పాలి. చెదలు తిన్నాయని చెబితే ఎవరూ కాదనరు, ఈ అడవి గాలిలో చెదలు తినని కాగితం ఏముంది? నా సూపరింటెండెంట్ ప్రమోషన్ ఫైలు ఆ నెలలోనే ప్రిన్సిపాల్ సార్ బల్ల మీద ఉంది. ఇంకోవైపు ఆ పిల్ల మాట నిజమని చెప్పే సాక్ష్యం లోకంలో ఇదొక్కటే. రెండేళ్ల కిందటి తేదీ వేసి ఉంది. టీసీ భయంతో నిన్న పుట్టించిన కథ కాదని ఆ తేదీ చెబుతుంది. ఇది నేను చూపించకపోతే ఆమె అబద్ధాలకోరు అయిపోతుంది, నేను మంచి దస్తూరిదాన్నిగా మిగిలిపోతాను.

రిజిస్టరు తెచ్చి ప్రిన్సిపాల్ సార్ ముందు తెరిచి పెట్టాను. "నేనే రాసిన సార్. ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకున్నదని రాసుకున్న" అన్నాను.

ఆయన ఆ నాలుగు వరసలు రెండుసార్లు చదివారు.

"దీనికి మీకు మెమో ఇయ్యాలె మేడం."

"ఇయ్యుండ్రి సార్. టైపు చేసేది కూడ నేనే గదా."

నవ్వు ఆపుకుందామని చూశారు కానీ ఆగలేదు. వెంటనే మళ్లీ ముఖం దించుకున్నారు. "పళ్లెం పక్కకు జరిపితే నాకు సమ్మె తప్ప ఇంకోటి తెల్వదు మేడం. ఇరవైమూడు మంది పిల్లలు ఆకలితోని కూసుంటే, ఎవరు పంపిండ్రని అడిగిన. అన్నం ఎందుకు తింటలేరమ్మా అని ఒక్కదాన్ని పక్కకు తీసుకపోయి అడగలే" అన్నారు.

టీసీకి నేనింకా ఔట్‌వర్డ్ నంబరు వేయలేదు. ఆ నంబరు పడితేనే కాగితం ఆఫీసు దాటినట్టు లెక్క. ప్రింటరు బాగాలేదని సాకు చెప్పి మధ్యాహ్నం దాకా ఆపాను, సగంలో ఉన్న ఆ కాగితాన్నే ప్రింటు తీసి రిజిస్టరుతో పాటు తెచ్చాను. ఆయన దాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. "నువ్వు పో అమ్మా, పరీక్షలకు చదువుకో" అని సుజాతతో అన్నారు. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. అంతసేపు ఎట్లా ఆపుకుందో తెలియదు. బయట వరండాలో మిగతా ఇరవైరెండు మంది నిలబడి ఉన్నారు, ఈమె ఏడుస్తూ రావడం చూసి టీసీ ఇచ్చేశారనుకుని వాళ్లూ ఏడవడం మొదలుపెట్టారు. వాళ్లకు అసలు సంగతి చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

ఆ రాత్రి నుంచే సీతమ్మ పక్క పొయ్యి మీద పప్పు బహిరంగంగా ఉడికింది. విజయ మొదట మూతి ముడుచుకుంది కానీ, తర్వాత తనే వంటింటి తలుపు మీద ఒక కాగితం అంటించి, ఏ ఊళ్లో కొత్తలు అయ్యాయో పిల్లలే రాసుకునే ఏర్పాటు చేసింది. నాకు మెమో వచ్చింది, నేనే టైపు చేశాను. ప్రమోషన్ ఏడాది వెనక్కిపోయింది. బాధపడలేదంటే అబద్ధం. మా ఆయన దగ్గర రెండు రోజులు గొణిగాను కూడా.

రిపోర్టులో చరిత్ర భాగం ఒక వాక్యం నుంచి ఆరు పేజీలయింది. గోదాము, చింతపండు బస్తాలు, పగిలిన డోలు, వరద, పొట్టి సారు రిమార్కులు, సీతమ్మ పప్పు, అన్నీ అందులోకి ఎక్కాయి. సుధాకర్ సార్ ఇంగ్లిషులోకి మార్చారు. మా తప్పు కూడా దాచకుండా రాద్దామా వద్దా అని ప్రిన్సిపాల్ సార్ ఒకరోజంతా ఆలోచించి, రాయమన్నారు. పీర్ టీమ్‌లో ఒకావిడ మిగతావన్నీ వదిలేసి నేరుగా వంటింట్లోకి వెళ్లి, సీతమ్మ పక్కన పీట వేసుకుని గంటసేపు కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో సుజాత నిలబడి అటు కోయ, ఇటు ఇంగ్లిషు చెప్పింది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు నేర్పిన కేసు ఏదంటే ఇదే చెబుతాను. రిజిస్టరు అబద్ధం చెప్పదని మా గుమస్తాలకు గట్టి నమ్మకం. పొట్టి సారు పిల్లలు చెప్పింది రాశారు, నేను నాకు కావాల్సింది రాశాను. రెండూ ఒకే ఆఫీసులో, ఒకేలాంటి గళ్ల కాగితం మీద ఉన్నాయి. చూసేవాళ్లకు తేడా తెలియదు. తెలిసేది ఎవరి గురించి రాశామో వాళ్లొక్కరికే. అందుకే ఇప్పుడు ఎవరి మాట రాసినా, రాసింది వాళ్లకు చదివి వినిపించి, అవునా కాదా అని అడిగాకే సంతకం పెట్టించుకుంటున్నాను. నెలాఖరుకు రెండు మూడు ఫిర్యాదులు పెండింగ్‌లో ఉంటున్నాయి. ఉండనీ.

పీర్ టీమ్ వెళ్లిన మర్నాడు ఒక పని మిగిలింది. రిజిస్టరులో ఒకసారి రాసింది కొట్టెయ్యకూడదు, చింపకూడదు. తప్పు జరిగితే కిందనే తేదీ వేసి సవరణ రాయాలి. నా పాత రాత కింద ఎర్ర సిరాతో నాలుగు వరసలు రాశాను. విద్యార్థిని అంగీకరించలేదని, అంగీకరించినట్టు నేను తప్పుగా రాశానని, ఆమె అడిగింది న్యాయమైనదని. కింద నా సంతకం పెట్టి సుజాతను పిలిచాను. వాళ్ల ఊళ్లో కొత్తలు అప్పటికి అయిపోయాయి. పిల్ల తేటగా ఉంది.

పాత అలవాటు పోదు కదా, రిజిస్టరు ఆమె వైపు తిప్పి, పెన్ను చేతికిచ్చి, గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ పెట్టమ్మా జల్దీ, నా బస్సు టైం అయితుంది" అన్నాను.

ఆమె పెన్ను తీసుకుంది కానీ సంతకం పెట్టలేదు.

"ఉండుండ్రి మేడం. ఈసారి సదివినంక పెడత" అంది.

నేను పేజీ మీద నుంచి చెయ్యి తీశాను. ఆమె కుర్చీ లాక్కుని, నా ఎదురుగా కూర్చుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది.